అద్దె ఎవరు కడుతున్నారు?

చిక్కడపల్లిలో మా ఆఫీసుకొచ్చే మెయింటెనెన్స్ కేసుల్లో ఎక్కువ పొద్దు తినేది పిటిషన్ కాదు, ఆస్తులు అప్పుల అఫిడవిట్. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇరుపక్షాలూ అది వేయక తప్పదు. జీతం గడికి పే స్లిప్పు చాలు. చిక్కంతా నెల ఖర్చుల దగ్గర.

నారాయణగూడ ఫ్లాటులో ఉంటూ అద్దె సున్నా అని రాయిస్తాడు ఓ తండ్రి. "మరి ఎవరు కడుతున్నారండీ?" అంటే కాసేపు గోడకేసి చూస్తాడు. "ఆమె కడుతుంది మేడమ్. కలిసే ఉంటున్నాం. ఆమె జీతం కూడా రాయాలా?"

అక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ 125 అయినా, 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 144 అయినా బిడ్డ పోషణకు నిలదీసేది కన్నవాళ్లను, వాళ్లతో ఉంటున్నవాళ్లను కాదు. కాలిఫోర్నియాలో మనవాళ్ల కేసుల్లోనూ ఇదే మాట. అక్కడ ఫ్యామిలీ కోడ్ 4057.5లో రాసే పెట్టారు, పిల్లలు తీవ్రంగా ఇబ్బంది పడే అసాధారణ సందర్భాల్లో తప్ప. అయితే అద్దె మిగిలిందన్న సంగతి దాగదు. ఆ మిగులుతో బిడ్డకు ఇంకాస్త ఇవ్వగలడని అవతలి లాయరు వాదిస్తాడు. నేనైనా అదే వాదిస్తాను.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటున్న తల్లి విషయంలో ఇదే తిరగబడుతుంది. "ఆమెను వాడు పోషిస్తున్నాడు, నేనెందుకివ్వాలి?" అని భర్త కౌంటర్ వేస్తాడు. పరపురుషుడితో కాపురం ఉంటోందని రుజువైతే 144(4) కింద ఆమె మెయింటెనెన్స్ ఆగుతుంది. బిడ్డది ఆగదు. ఈ తేడా చెప్పేసరికి సగం కౌంటర్లలో పస పోతుంది. అలాగని 18 వేల అద్దెలో స్నేహితుడు 9 వేలు పెడుతుంటే మొత్తం తన ఖర్చని ఆ తల్లి రాయిస్తానంటే నేను ఒప్పుకోను. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఫోన్‌పే ఎంట్రీలు ముందు పెడతారు.

అవతలివాళ్ల భాగస్వామి బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించండని పట్టుబట్టే క్లయింట్లూ ఉంటారు. అందులో బిడ్డ అవసరం పావు వంతు, కోపం ముప్పావు వంతు. పిటిషన్ వేయడానికి నాకు చేయి రాదు. వేసినా, అద్దె అగ్రిమెంటు ఎవరి పేరున ఉందో అడిగితే తేలే దానికి వాయిదాల మీద వాయిదాలు పడతాయి.

స్కూలు ఫీజు రసీదు చూసి, డబ్బు ఏ అకౌంటులోంచి వెళ్లిందనీ అడుగుతాను. తల్లి స్నేహితుడే కట్టి ఉంటే ఆ మాటే రాస్తాం, అతను చేసిన సాయంగా. దాన్ని తండ్రి ఇవ్వాల్సిన దాంట్లోంచి కొట్టేస్తామంటే మాత్రం ఊరుకోం.