బిగుతు ప్యాంటులో హడ్సన్ నది

1839 సెప్టెంబరు 22న హడ్సన్ నది ఒడ్డునున్న వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాల నుంచి పదిహేడేళ్ల కుర్రాడొకడు తన కజిన్‌కి ఉత్తరం రాశాడు. చేరి నాలుగు నెలలైనా నిండలేదు. సిఫారసు చేసిన పెద్దమనిషి పేరు తప్పు రాయడంతో పాఠశాల దస్తరాల్లో అతను యు.ఎస్. గ్రాంట్ అయిపోయాడు. ఉత్తరం కింద మాత్రం తన సొంత పేరుతో యు.హెచ్. గ్రాంట్ అనే సంతకం పెట్టాడు. తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనల్ని నడిపించి, దేశాధ్యక్షుడైన యులిసిస్ గ్రాంటే ఇతను. ఆ సంగతి కాసేపు పక్కన పెడితేనే ఉత్తరం రుచి తెలుస్తుంది.

మొదట నది. కిటికీలోంచి చూస్తే నీళ్లమీద వందలకొద్దీ తెల్లటి తెరచాపలు. అవతలి ఒడ్డున, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వైపు ఫిరాయించిన దేశద్రోహి ఆర్నాల్డ్ ఉన్న ఇల్లు. ఎత్తుగడ కావ్యంలాగే ఉంది. అంతలో దభీమని నేలమీద పడతాం: రెండు నెలలు ఒక్క కంబళ్ల జతమీదే పడుకున్నాడట. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, పడుకుంటే తెలుస్తుంది అంటాడు. ఇక ప్యాంటు. చెట్టుకి బెరడులా ఒంటికి అతుక్కుపోయింది. గబుక్కున వంగినా, పరుగెత్తినా పిస్తోలు పేలినట్టు పిగిలిపోతుందట! దూరంనుంచి నన్ను చూస్తే చేపా, జంతువా అని అడుగుతావు అని ముక్తాయింపు.

తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం అని హాస్యాన్ని రెండుగా విడదీసింది నాట్యశాస్త్రం. ఈ పిల్లవాడు ఒక్క ప్యాంటుతో రెండూ సాధించాడు.

నన్ను పట్టి ఆపిన వాక్యం వేరే ఉంది. ఈ చోటు నాకెంతో ఇష్టం, ఎన్నాళ్లయినా ఉండిపోగలను, నా స్నేహితులు కూడా వస్తే, అంటాడు. ఆ 'వస్తే' దగ్గర చదవడం ఆపేశాను. ఇంటి బెంగ ఏమాత్రం లేదని అదే ఉత్తరంలో చెబుతూనే బెంగంతా అక్కడ దాచాడు. చెప్పకుండానే స్ఫురింపజేసే ధ్వని అంటే ఇదే కదా!

1885లో, గొంతు క్యాన్సర్‌తో చనిపోతూ, గ్రాంట్ తన జ్ఞాపకాలు రాశాడు. ఉత్తరం రాసిన కొద్ది నెలలకే, 1839 డిసెంబరులో సమావేశమైన కాంగ్రెస్‌లో, ఆ పాఠశాలను ఎత్తేయాలని బిల్లు చర్చకొచ్చింది. అది నెగ్గితే బాగుండునని ఆ చర్చల్ని ఎంతో ఆసక్తిగా చదివేవాణ్ణని ఆ జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. దీంతో ఉత్తరం అబద్ధమైపోదు. కుర్రాడు 'వస్తే'లో మింగేసిన మాటను ముసలాయన పైకి అన్నాడు, అంతే.

బిల్లు నెగ్గలేదు. 1843లో 39 మందిలో 21వ వాడిగా పాసయ్యాడు.