సార్, చేతులు!

ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టు రాగానే నా చూపు ముందు కుడివైపు వరుస మీదికే పోతుంది. ఎడమవైపు మందుల పేర్లు, ఎదురుగా ఒక్కో అక్షరం. ‘ఎస్’ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది, ‘ఆర్’ అంటే లొంగదు. నేను ఐసీయూలో డాక్టరుగా చేరిన కొత్తలో ఒక కాగితం మీద రెండో మూడో ‘ఆర్’లు కనిపించేవి. ఇప్పుడు క్లెబ్సియెల్లా, అసినిటోబాక్టర్ అనే క్రిముల రిపోర్టుల్లో మెరోపెనెం లాంటి బలమైన యాంటీబయాటిక్ సహా పైనుంచి కిందిదాకా ఆర్, ఆర్, ఆర్. చాలాసార్లు చివరికి మిగిలేది కొలిస్టిన్.

అదేమీ కొత్త మందు కాదు. 1940ల చివర్లో జపాన్‌లో కనుగొన్నారు. కిడ్నీలను దెబ్బతీస్తోందని తర్వాత డాక్టర్లు దాదాపు వదిలేశారు. అటకెక్కించిన ఆ మందునే మళ్లీ దించుకున్నాం. దాన్నే మన దేశంలో కోళ్ల దాణాలో కూడా కలుపుతూ వచ్చారు. 2019లో గానీ కేంద్రం ఆ వాడకాన్ని నిషేధించలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

మందులు తరిగిపోతున్నప్పుడు మా చేతిలో ఉన్నది చేతులే. ఆ సంగతి నాకు పుస్తకం కంటే గట్టిగా ఒక సిస్టర్ నేర్పింది. ఓ అర్ధరాత్రి నాలుగో బెడ్ వెంటిలేటర్ అలారం మోగితే బటన్ నొక్కి ఆపాను. అదే చేత్తో ఐదో బెడ్ పెద్దాయన మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో పెట్టిన సెంట్రల్ లైన్ చూడబోయాను.

“సార్, చేతులు!” అంది.

“పేషెంటును ముట్టుకోలేదమ్మా.”

“మెషీన్‌ను ముట్టుకున్నారు కదా సార్.”

ఆమె మాటే నిజం. అసినిటోబాక్టర్ పొడిగా ఉన్న బటన్ మీద, బెడ్ రెయిలింగ్ మీద వారాల తరబడి బతికుంటుంది. అక్కడినుంచి నా వేళ్లెక్కి, లైన్ గుండా నేరుగా రక్తంలోకి దిగుతుంది. గ్లౌజులు వేసుకున్నా అంతే. మార్చకుండా ఇంకో బెడ్‌కు వెళ్తే అవీ మురికి చేతులే.

శానిటైజర్ పోసుకుని రెండు అరచేతులూ రాసేసుకుంటే పనైపోయినట్టు కాదు. చేతి వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, వేళ్ల కొసలు అన్నీ తడిసి ఆరేదాకా ఇరవై ముప్పై సెకన్లు రుద్దాలి. హడావుడిలో మేం వదిలేసేది బొటనవేళ్లూ, కొసలే. పేషెంటును ముందుగా తాకేవీ అవే. ఒక సిస్టర్ నలుగురు పేషెంట్లను చూసుకునే రాత్రుళ్లలో ఆ ముప్పై సెకన్లు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. సిస్టర్లను పెంచకుండా గోడలకు పోస్టర్లు అంటిస్తే ఇది మారదు.

మీవాళ్లు ఐసీయూలో ఉంటే లోపలికి వచ్చేటప్పుడూ, వెళ్లేటప్పుడూ చేతులు శుభ్రం చేసుకోండి. మేం వాళ్లను ముట్టుకోబోతుంటే ఆ సిస్టర్‌లాగే అడగండి: “సార్, చేతులు?” మేమేమీ అనుకోం. అడగండి.