ఆయిల్లో నీళ్లు, నీళ్లలో ఆయిల్

బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద బొమ్మసంద్ర దాటి, చందాపుర కూడలిలో ఆనేకల్ వైపు మళ్లితే చిన్న చిన్న గ్యారేజీలు కనిపిస్తాయి. రేకుల కప్పు, ఆయిల్ ఇంకి నల్లబడ్డ నేల, గోడకు వేలాడే ఫ్యాన్ బెల్టులు. వచ్చినాయన కన్నడలో మొదలుపెడతాడు, మేస్త్రి తెలుగులో జవాబిస్తాడు, పనికుర్రాణ్ని కేకేసేది మాత్రం దక్కనీ ఉర్దూలో. ఆనేకల్ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు తరాల నుంచీ ఉన్నాయి. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు వాళ్లకు తోడయ్యారు.

ఇక్కడికి వచ్చేవాటిలో పాత కార్లు ఎక్కువ. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది, బండ్లు మాత్రం ఆగలేదు. శాంత్రోలు, ఆల్టోలు, ఇండికాలు కూడా అంతే. 15 ఏళ్లు నిండిన కారుకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి ఆర్సీని మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి ఏకంగా 5000 అయింది. అంత కట్టి బండిని ఉంచుకున్న మనిషికి ఇంజిన్ గురించి ఒక్కటే భయం: ఎవరో ఒకరు బానెట్ ఎత్తి, 'సార్, హెడ్ దించాల' (ఇంజిన్ పైభాగం విప్పాలి) అంటారేమోనని.

దించాలో వద్దో దించకముందే చెప్పగలగడం ఈ గ్యారేజీల్లో మిగిలిన ఒక విద్య. కన్ను, ముక్కు, వేళ్లు, చెవి ఉంటే చాలు. కొత్త కార్లకు స్కానర్ తగిలించి చదువుతారు గాని, మన దేశంలో కార్లకు స్కానర్‌తో మాట్లాడే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయ్యిందే 2013లో. అంతకుముందటి బండ్లలో స్కానర్‌కు దొరికేది తక్కువ, కార్బురేటర్ బండిలో అసలేమీ దొరకదు. దొరికినా సెన్సర్ ఉన్నచోటి సంగతే తెలుస్తుంది. ఇంజిన్ వేడెక్కిందని చెబుతుంది, ఎందుకు వేడెక్కిందో చెప్పదు. ఆయిల్లో నీళ్లు చేరిన సంగతి ఈ పాత కార్లలో ఏ సెన్సరూ పట్టదు.

మొదటి నియమం, బండి చల్లగా ఉండాలి. రాత్రంతా కదలకుండా ఉన్న కారునే పొద్దున్నే చూస్తారు. కొందరు మేస్త్రీలు 'తోలుకుని రావద్దండి, నేనే వస్తా' అంటారు. స్టార్ట్ చేస్తే ఆయిల్, నీళ్లు, తేమ అన్నీ చిలికినట్టు కలిసిపోతాయి. ఆగి ఉన్న ఇంజిన్లో ఏది ఎక్కడ చేరిందో అక్కడే ఉంటుంది.

డిప్‌స్టిక్ తీయడం అందరూ చేసేదే. తీశాక ఏం చేస్తారన్నదే తేడా. మేస్త్రి దాన్ని తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తాడు. ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడడు. మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనే, డీజిల్ బండిలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. తర్వాత ఒక బొట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దుతాడు. ఇసుకలాగా గరగర తగిలితే దుమ్మో లోహపు పొడో ఉన్నట్టు. ఎండలో వేలు తిప్పితే రాగిరంగు మెరుపు కనిపించిందంటే బేరింగులు అరుగుతున్నాయి. వేళ్లు విడదీసినప్పుడు తీగ సాగకుండా నీళ్లలా జారిపోతే ఆయిల్ పలచబడింది. అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. పెట్రోలు వాసన వస్తే సగం జవాబు దొరికినట్టే.

ఆయిల్ తగ్గితే జనం భయపడతారు. పెరిగితే సంతోషిస్తారు, నిజానికి భయపడాల్సింది అప్పుడే. పోయకుండా ఆయిల్ ఎలా పెరుగుతుంది? కార్బురేటర్ మారుతి లాంటి బండ్లలో ఇంజినే నడిపే పెట్రోల్ పంపు ఉంటుంది. దాని లోపలి రబ్బరు పొర చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిల్లోకి దిగుతుంది. లేదంటే కూలెంట్ దిగుతోంది. పంపు ఖర్చు చిన్నది, కూలెంట్ అయితే పెద్దది. రెండిటినీ విడదీసేది ఆ వాసనే.

ఇక మూత. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే అడుగున లేత పసుపు రంగు జిగురు అంటుకుని ఉంటుంది కొన్ని బండ్లలో. అది చూడగానే 'గ్యాస్కెట్ (హెడ్ కింది పొర) పోయింది' అనేవాళ్లు చాలామంది. చందాపురలో ఈ జిగురుకు మామూలు కారణం వేరు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. అందులో కొంచెం పిస్టన్ రింగుల సందుల్లోంచి ఇంజిన్ లోపలికి జారుతుంది. బండి అరగంట, గంట నడిస్తే ఆయిల్ బాగా కాగి ఆ తేమ బయటికి పోతుంది. నాలుగు నిమిషాల ప్రయాణానికి ఆయిల్ కాగదు. తేమ చల్లటి మూతకు పట్టి, ఆయిల్ తుంపరతో కలిసి జిగురవుతుంది. 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ బొమ్మసంద్ర దాకా వచ్చాక ఇక్కడ చాలా కార్లకు ఇల్లు, స్టేషన్ తప్ప వేరే దారి లేకుండా పోయింది. డిసెంబరు, జనవరి చలి దీనికి తోడు.

సూర్యనగర్‌లో ఉండే మా మిత్రుడి ఆల్టోకు ఇదే జరిగింది. ఒకచోట హెడ్ దించాలన్నారు. ఆనేకల్ రోడ్డు మేస్త్రి మూత తుడిచాడు, డిప్‌స్టిక్ చూశాడు, కూలెంట్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. 'గ్యాస్కెట్ పోయుంటే ఇది మూతకాడ ఆగదు సార్, కిందికీ దిగుతాది. రెండు దినాలు కృష్ణగిరి దాకా బాగా తోలుకోని రాండి' అన్నాడు. మిత్రుడు తిరిగొచ్చాక చూస్తే మూత శుభ్రంగా ఉంది, డబ్బాలో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. మేస్త్రి డబ్బులు అడగలేదు. టీ మాత్రం తాగాడు.

నిజంగా కలిసిపోయిన ఆయిల్‌ను చూసినవాళ్లెవరూ పొరబడరు. డిప్‌స్టిక్ పొడవునా పాలు ఎక్కువైన కాఫీ రంగు. కొంచెమే కలిసినప్పుడు కనిపెట్టడంలోనే పనితనం. దానికి రెండు పద్ధతులున్నాయి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి రాత్రికి అడుగుకు చేరతాయి. పొద్దున్నే అడుగు బోల్టును ఊడదీయకుండా కొద్దిగా వదులు చేస్తే ముందుగా కారేది నీటిబొట్లే. రెండోది, బాగా కాలిన రేకు మీద ఒక బొట్టు ఆయిల్ వేయడం. మంచి ఆయిల్ పొగలొస్తూ పరుచుకుంటుంది. నీళ్లున్న ఆయిల్ చిటపటమంటుంది. పెట్రోలు వాసన వచ్చిన ఆయిల్‌తో మాత్రం ఈ పని చేయరు, చేయకూడదు కూడా.

ఏది దేనిలోకి పోతుందన్నది కూడా గమనించాలి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి మూడు, నాలుగు బార్ల దాకా ఉంటుంది, కూలెంట్ ఒత్తిడి ఒక బార్ దరిదాపుల్లో. రెండిటి దారుల మధ్య గోడ చిట్లితే నడిచేటప్పుడు ఆయిలే నీళ్లలోకి తోసుకుపోతుంది. బండి ఆపగానే ఆయిల్ ఒత్తిడి క్షణాల్లో సున్నా, కాగిన నీళ్ల ఒత్తిడి ఇంకా కాసేపు ఉంటుంది. అప్పుడు నీళ్లు ఆయిల్లోకి వస్తాయి. అందుకే అనుభవం ఉన్న మేస్త్రి డిప్‌స్టిక్‌తో ఆగడు, కూలెంట్ డబ్బాలో వేలు పెట్టి చూస్తాడు. వేలికి జిడ్డు అంటితే కథ అక్కడ మొదలైందని అర్థం.

కూలెంట్ దగ్గర మనవాళ్ల నిర్లక్ష్యానికి అంతు లేదు. 'ఇక్కడ మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు' అని బోరు నీళ్లు పోసేస్తారు. గడ్డకట్టకుండా ఉండటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజిన్ నడిచే వేడి దానికి చాలా దగ్గర్లో ఉంటుంది. 0.9 బార్ రేడియేటర్ మూత బిగిస్తే అవే నీళ్లు 117 దాకా ఆగుతాయి, సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకా పైకి. అంటే రెండు, మూడు వందల రూపాయల మూత రబ్బరు ఎండిపోతే సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బండి మరిగిపోతుంది. ఇక్కడ ఓవర్‌హీట్ అని వచ్చే కేసుల్లో మూత, థర్మోస్టాట్, ఫ్యాన్ స్విచ్ ఈ మూడింటినీ చూడకుండా హెడ్ మాటెత్తే మెకానిక్‌ను నేనైతే నమ్మను.

బోరు నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. తుప్పును ఆపే మందు కూలెంట్‌లోనే ఉంటుంది గాని నీళ్లలో ఉండదు. కూలెంట్‌లో కలపడానికి పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ చాలు. యాసిడ్ డబ్బా కాదు, లేబుల్ చదివి కొనాలి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులను నమ్మి వేర్వేరు కూలెంట్లు కలపకూడదు, కొన్ని కలిస్తే ముద్దకడతాయి. వెనకటి అంబాసిడర్ డ్రైవర్లు రేడియేటర్ కారితే పసుపు పొడి పోసేవాళ్లు. అది పనిచేసేది కూడా, పొడి వెళ్లి కన్నంలో ఇరుక్కునేది. దారిలో చిక్కుకున్నవాడు ఊరు చేరడానికి మంచి ఉపాయమే. కానీ కన్నమేదో మంచి గొట్టమేదో పసుపుకు తెలియదు.

ఆయిలూ శుభ్రంగా ఉండి, నీళ్లూ శుభ్రంగా ఉండి, డబ్బాలో మట్టం మాత్రం తగ్గుతూ పోతుంటే అది చిక్కు కేసు. పాత ఇంజిన్లలో చాలావాటికి బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఒక్కసారి బాగా మరిగిన బండిలో హెడ్ వంగి, గ్యాస్కెట్ సిలిండర్‌కూ నీటిదారికీ మధ్య తెగిపోవచ్చు. అప్పుడు మండిన గ్యాసు నీళ్లలోకి వస్తుంది. దీన్ని పట్టడానికి మేస్త్రి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, పై రబ్బరు గొట్టాన్ని అరచేత్తో పట్టుకుంటాడు. వేడెక్కి, ఒత్తిడి పెరిగి గొట్టం బిగుసుకోవడానికి నిమిషాలు పట్టాలి. ఇంకా చల్లగా ఉండగానే నిమిషంలో రాయిలా గట్టిపడితే అది నీటి ఒత్తిడి కాదు, గ్యాసు. సందేహం ఉంటే ఇంజిన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి మళ్లీ స్టార్ట్ చేస్తారు. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే, రేస్ చేసినప్పుడల్లా బుడగలు ఎగదన్నితే మామూలు కాదు. పరికరాలున్న చోట నీలం ద్రవం ఉన్న గాజుగొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెడతారు. కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఆ ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. అరచెయ్యి చెప్పినదాన్నే అది మళ్లీ చెబుతుంది, కాకపోతే కస్టమర్‌కు చూపించడానికి పనికొస్తుంది.

పొగ సంగతి చాలామందికి తెలిసిందే. నీలం పొగ ఆయిల్ మండటం, నల్లపొగ పెట్రోలు ఎక్కువవటం, తెల్లపొగ నీళ్లు. నీలంలోనే తేడా ఉంది: పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుక్క వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ వస్తుంటే రింగులు. రింగులైతే ఆయిల్ మూత తీసి పట్టుకున్నప్పుడు లోపలి గాలి గుప్పుగుప్పున తంతుంది. గ్యారేజీ భాషలో అది 'బ్యాక్ కంప్రెషన్'. చలికాలం పొద్దుటి తెల్లపొగ రెండు గజాలు పోగానే మాయమవుతుంది, కూలెంట్ పొగ గాలిలో వేలాడుతుంది, తీపి వాసన వేస్తుంది. ఆ తీపి ఎథిలీన్ గ్లైకాల్‌ది, విషం. నేల మీద కారిన కూలెంట్‌ను కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. వెంటనే కడిగేయాలి.

కారే చోటు వెతకడానికి రాత్రి బండి కింద అట్టముక్క పరుస్తారు. పొద్దున రంగును బట్టి ఏమిటో, చోటును బట్టి ఎక్కడో తెలుస్తుంది. కూలెంట్ పోసిన బండిలో స్వచ్ఛమైన నీళ్లైతే ఏసీవి, వదిలేయొచ్చు. నూనె ఓడే ఇంజిన్‌ను కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి కాసేపు తిప్పితే తడిసిన చార మొదలైన చోటు దొరుకుతుంది. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చుట్టూ తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే పంపు సీలు పోతోందన్నమాట.

ఇవన్నీ ఏ ఐటీఐ పుస్తకంలోనూ లేవని కాదు. కానీ గ్యారేజీలో చేరిన కుర్రాడికి స్పానర్ కంటే ముందు దొరికేది పాత ఆయిల్ పట్టే ట్రే. ఏ బండిలోంచి ఎలాంటి ఆయిల్ దిగిందో, తర్వాత ఆ ఇంజిన్ విప్పితే ఏం కనిపించిందో వరసగా చూస్తూ పెరుగుతాడు. కళ్లకు ఆ లెక్క అలా పడుతుంది. సర్వీస్ సెంటర్లో ఆయిల్ దించేవాడొకడు, ఇంజిన్ విప్పేవాడొకడు కావడంతో ఆ లంకె తెగిపోయింది. చిన్న గ్యారేజీలను మెచ్చుకుంటూనే ఒక ఫిర్యాదు కూడా చేయాలి. ఆ ట్రేలోని ఆయిల్ కొన్నిచోట్ల కాలువలోకి పోతోంది. చందాపుర చెరువును కాపాడనందుకు 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కర్ణాటకకు 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ చెరువుకు ఫ్యాక్టరీల, మురుగు కష్టాలే చాలు.

దారిలో బండి మరిగితే మాత్రం ఈ విద్యంతా పక్కనపెట్టి ఆపేయాలి. మూత తీయకూడదు, కాగిన ఇంజిన్లో చన్నీళ్లు పోయకూడదు. వేడి చూపే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిందని ఊరట పడొద్దు. నీళ్లు పూర్తిగా పోతే సెన్సర్ గాలిలో వేలాడుతూ తప్పు చెబుతుంది. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే ఇంకో వంద మీటర్లు కూడా వద్దు.

ఈ పరీక్షలన్నీ ఎక్కువగా పనికొచ్చేది పాత కారు కొనేటప్పుడు. అమ్మేవాడికి చెప్పకుండా అరగంట ముందే వెళ్లి బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే ఆ రోజు బేరం వద్దు, ఇంకో పొద్దున వస్తానని చెప్పండి. ఎప్పుడు మార్చారో చెప్పలేని పదిహేనేళ్ల బండిలో ఆయిల్ తేనెరంగులో మెరుస్తూ ఉంటే అది అమ్మకానికి ముందే మార్పించినదై ఉండొచ్చు; పాత ఆయిల్ ఎవరి దగ్గర మార్పించారో అడిగి, వీలైతే ఆ గ్యారేజీ దాకా వెళ్లి ఆ కుర్రాణ్ని కనుక్కోండి, దిగిన ఆయిల్ ఏ రంగులో ఉందని.