బాల్కనీ సీటు

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' సినిమా చూసినవాళ్ళు మన్రోవిల్ పాత కోర్టు హాల్లో అడుగుపెడితే "అరే, అచ్చం సినిమాలోలాగే ఉందే" అనుకుంటారు. నిజానికి సినిమానే దీనిలా ఉంది. షూటింగ్ ఇక్కడ జరగలేదు, ఈ హాలుని చూసి హాలీవుడ్‌లో సెట్ వేశారు. అలబామాలోని ఈ చిన్న ఊరే హార్పర్ లీ సొంతూరు. ఆమె తండ్రి ఇక్కడే లాయరు. 1963లో పక్కనే కొత్త కోర్టు వచ్చింది, పాతది మ్యూజియం అయింది. (పుస్తకం పేరు వాడుకుని వస్తువులు అమ్ముకుంటున్నారని 2013లో స్వయంగా హార్పర్ లీయే ఈ మ్యూజియం మీద కేసు వేసింది. తర్వాత రాజీ పడ్డారు.)

నేను పైకెక్కి బాల్కనీలో చాలాసేపు కూర్చున్నాను. నవల్లో నల్లవాళ్ళు కూర్చునేది అక్కడే. స్కౌట్, జెమ్, డిల్ కూడా వాళ్ళ మధ్య కూర్చునే విచారణ చూస్తారు. పాఠకుడికి ఇంతకన్నా సుఖమైన సీటు లేదు. అన్యాయం కింద జరుగుతుంటుంది, మనం పైన న్యాయం పక్షాన ఉంటాం. మ్యూజియం మనల్ని ఆ సీట్లోనే కూర్చోబెట్టి, మంచివాళ్ళుగానే ఇంటికి పంపించేస్తుంది. నాకు నచ్చనిది అదే.

ఏటా వసంతంలో ఊరివాళ్ళే ఈ నవలని నాటకంగా వేస్తారు. మొదటి అంకం బయట ఆవరణలో, విచారణ ఈ హాల్లో. జ్యూరీని మాత్రం ప్రేక్షకుల్లోంచే పిలుస్తారు. మనసులో ఏమున్నా సరే, స్క్రిప్టు ప్రకారం వాళ్ళు టామ్ రాబిన్సన్‌ని దోషి అనాల్సిందే. టికెట్ కొనుక్కుని జాలిపడ్డానికి వచ్చినవాణ్ణి జ్యూరీలో కూర్చోబెట్టడం! ఇక్కడ నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచింది ఈ ఒక్క ఏర్పాటే.

ఎందుకంటే ఇదే కౌంటీలో 1987లో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని చేయని హత్యకి అరెస్టు చేశారు. ఆ టైములో అతను ఇంటి దగ్గరే ఉన్నాడని నల్లజాతి సాక్షులు చెప్పినా ఫలితం లేకపోయింది. బాల్డ్‌విన్ కౌంటీకి మార్చిన ఆ విచారణ రెండు రోజులు కూడా సాగలేదు. జ్యూరీ యావజ్జీవం అంటే జడ్జి దాన్ని మరణశిక్ష చేశాడు. అతను బయటికొచ్చింది 1993లో. అప్పటికి హార్పర్ లీ నవల వచ్చి ముప్పై మూడేళ్ళు.

అతని తరఫున పోరాడిన లాయరు బ్రయాన్ స్టీవెన్సన్ రాసిన 'జస్ట్ మెర్సీ' కూడా చదివి వెళ్ళండి. వెళ్ళాక, బాల్కనీ మెట్లెక్కే ముందు కింద జ్యూరీ కూర్చునే చోట కాసేపు నిలబడండి.