చవక క్యాడ్‌కు అసలు ధర

చిన్న లేత్‌నో, బల్లపై అమరే మిల్లింగ్ యంత్రాన్నో కొనుక్కుని తీరిక వేళల్లో లోహంతో పనిచేసే అభిరుచిపరులు క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు మొదట దాని ధర చూస్తారు. అందులో గీసిన నమూనా కొన్నేళ్ల తరువాత ఎవరి అనుమతితో తెరుచుకుంటుందన్న ప్రశ్న అంతకంటే ముందు రావలసినదే అయినా, చాలామందికి అది నమూనాలు పోగుపడ్డాకే తడుతుంది.

కొలతలతో సహా వస్తువు ఆకృతిని కంప్యూటర్‌లో నిర్మించడం క్యాడ్. ఆ ఆకృతిని బట్టి కటింగ్ టూల్ నడవవలసిన దారిని లెక్కగట్టి, జీ-కోడ్ అనే ఆదేశాల వరుసగా యంత్రానికి అందించడం క్యామ్. చేత్తో తిప్పే లేత్‌కు రెండోది అక్కరలేదు, మొదటిది కూడా కొంతవరకే కావాలి: బుష్‌కో షాఫ్ట్‌కో లిబ్రేక్యాడ్ వంటి ఉచిత ద్విమితీయ సాఫ్ట్‌వేర్ చాలు, ఆ మాటకొస్తే పెన్సిలూ స్కేలూ కూడా చాలు.

కొలతలు ఒకదానిపై ఒకటి ఆధారపడిన చోట మాత్రం పారామెట్రిక్ పద్ధతి, అంటే ఒక కొలతను మారిస్తే మిగతా ఆకృతి దానికి తగ్గట్టు తానే సర్దుకునే పద్ధతి, తన విలువ చూపిస్తుంది. 22 మిల్లీమీటర్ల బయటి వ్యాసమున్న 608 బేరింగ్‌కు గీసిన హౌసింగ్‌ను 26 మిల్లీమీటర్ల 6000 బేరింగ్‌కు మార్చవలసి వస్తే, గోడ మందమూ బోల్టు రంధ్రాల వలయమూ వాటంతట అవే సర్దుకుంటాయి. అదే హౌసింగ్‌ను త్రీడీ ప్రింటింగ్‌లో వాడుకలో ఉన్న ఎస్‌టీఎల్ ఫైలుగా దాచుకుంటే, ఆ ఫైలుకు త్రిభుజాలు తప్ప వృత్తం తెలియదు కనుక, 22 మిల్లీమీటర్ల రంధ్రం 36 భుజాల బహుభుజిగా మారిన పక్షంలో ఒక్కో భుజం మధ్యలో దాదాపు 0.042 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ వ్యాసానికి హెచ్7 అనే ప్రామాణిక సడలింపు అనుమతించేది 0.021 మాత్రమే. ఐఎస్‌ఓ 10303 ప్రమాణాన్ని అనుసరించే స్టెప్ ఫైలు వృత్తాన్ని వృత్తంగానే మోసుకెళ్తుంది కనుక, ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తూచేటప్పుడు స్టెప్ ఎగుమతి ఉందా లేదా అన్నది మొదటి పరీక్ష కావాలి.

ఆటోడెస్క్ సంస్థ ఫ్యూజన్ 360 వ్యక్తిగత లైసెన్సుపై 2020లో పరిమితులు విధించినప్పుడు ఈ పరీక్ష ఎంత అవసరమో తేలింది: ఒకేసారి సవరించగల డాక్యుమెంట్లు పదికి తగ్గాయి, లోహాన్ని తాకకుండా టూల్ వేగంగా కదిలే ర్యాపిడ్ కదలిక కోత వేగానికి దిగింది, తొలగిస్తామన్న స్టెప్ ఎగుమతి వాడుకరుల నిరసన వల్లనే నిలిచింది. ఇంత జరిగినా క్యాడ్, క్యామ్ ఒకేచోట దొరకడంలో ఫ్యూజన్ సౌలభ్యం కాదనలేనిది. బ్రౌజర్‌లో నడిచే ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో నమూనాలన్నీ బహిరంగమే. దాచుకోవలసిన రహస్యమేదీ లేనివారికి ఇది పెద్ద అభ్యంతరం కాదు.

ఫ్రీక్యాడ్ 2002 నుంచి బహిరంగ మూలంతో, అంటే ఎవరైనా చదివి మార్చుకోగల ప్రోగ్రామ్‌గా సాగుతున్నది. నమూనా తొలి దశలో ఒక ముఖాన్ని సవరిస్తే దానిపై ఆధారపడిన రంధ్రాలు వేరొక ముఖానికి అంటుకుపోయే లోపం, దీనినే టోపోలాజికల్ నేమింగ్ సమస్య అంటారు, ఏళ్ల తరబడి కొత్తవారిని విసిగించింది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ దానిని చాలావరకు తగ్గించింది, పూర్తిగా తీర్చలేదు. నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టినా, సొంత కంప్యూటర్‌లోనే ఉండే ఫైలును ఏ లైసెన్సు మార్పూ మూయలేదు కనుక, అభిరుచిపరులకు మొదట సూచించదగినది ఇదే.

అయితే స్టెప్ ఫైలు మోసేది ఆకృతిని మాత్రమే, ఆ ఆకృతిని నిర్మించిన క్రమాన్నీ కొలతల మధ్య సంబంధాలనూ కాదు. అందుచేత ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, కొలతలన్నీ రాసిన డ్రాయింగ్‌ను పీడీఎఫ్‌గా ఆ ఫైలు పక్కన ఉంచితే హౌసింగ్‌ను మరొక సాఫ్ట్‌వేర్‌లో తిరిగి గీయడం సులువవుతుంది.