దప్పిక తెలిసిన మొక్కలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంటి ముందు నాలుగు పూలమొక్కలు పెంచాలనుకునేవారి మనసు తరచూ చలిప్రదేశాల మీదికి పోతుంది. ఈ పడమటి మండలాలు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్నాయి కాబట్టి, ఊటీలో పూసేది ఇక్కడా పూస్తుందని ఆశ. సంక్రాంతి దాకా ఆ ఆశ నిలుస్తుంది. ఉగాది దాటేసరికి హైడ్రాంజియా ఆకులు మాడతాయి, ఫుక్సియా కుళ్లిపోతుంది. నాలుగు వేల అడుగులు దాటిన హార్సిలీ హిల్స్ మీద కూడా మంచు పడదు. ఇక దిగువనున్న ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ ఎండల రోజుల్లోనే మన గుట్టల మీద ఎవరూ చెంబెడు నీళ్లు పోయని చెట్లూ గడ్డలూ పూతకు వస్తాయి. అందుకే చలికొండల తోటమాలుల నుంచి మనం తెచ్చుకోవలసింది వాళ్ల మొక్కలను కాదు, వాళ్ల పద్ధతిని. ఆ పద్ధతికి అసలు తగినవి మన కొండల మొక్కలే.

ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. ఇంగ్లండులో రెజినాల్డ్ ఫారర్ వంటివారు మంచుకొండల మొక్కలను ఇళ్లలో పెంచే విద్యకు ఒక శాస్త్రం కట్టారు. ఆయన పెద్ద గ్రంథం ‘ది ఇంగ్లిష్ రాక్ గార్డెన్’ 1919లో వెలువడింది. ఆ సంప్రదాయం తేల్చిన ముఖ్యమైన విషయం ఒకటుంది: ఆ మొక్కలను తోటలో చంపేది చలికన్నా చలికాలపు తడే. సొంత కొండ మీద అవి మంచు కింద పొడిగా నిద్రపోయి, మంచు కరగగానే పూస్తాయి. అందుకని తోటమాలి మట్టి తగ్గించి రాళ్లముక్కలు పెంచుతాడు, నిద్రవేళ నీరు తగలకుండా కాపాడతాడు. మన కొండల్లోనూ ఇదే లెక్క, కాలమే వేరు. ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గాక జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు పడటం అరుదు. మన మొక్కలకు మంచు చేసే పనిని ఆ ఎండుదల చేస్తుంది. ఆకు రాల్చి, రసాన్ని వేరులోనో గడ్డలోనో దాచుకుని, ఎండలు ముదిరేవేళ ఉన్న బలమంతా పువ్వుకే పెడతాయి. ఆ నిద్రను నీళ్లతో చెడగొడితే వేరు కుళ్లుతుంది. బతికినా ఆకే తప్ప పువ్వు రాదు.

కొండగోగునే తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క ఆకైనా లేని కొమ్మల చివర అరచేతి వెడల్పున పసుపుపచ్చని పూలు విప్పుతుంది. వేసవిలో కాయ పగిలితే లోపల దూదిలో చుట్టుకున్న, మూత్రపిండం ఆకారపు చిన్న గింజలుంటాయి. వాటి పెంకు చాలా గట్టిది. ఊరికే నాటితే నెలల తరబడి కదలదు. దూది తీసేసి, గింజను గరుకురాయి మీద మెల్లగా అరగదీసి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. ఉబ్బినవి మొలకెత్తుతాయి, ఉబ్బనివాటిని మళ్లీ అరగదీయాలి. తొలకరికి విత్తితే వానలన్నీ మొక్కకు అందుతాయి. మట్టి సగమే ఉండాలి; మిగతా సగం ఎర్రగరప, ముతక ఇసుక. మొదటి ఏడే వేరు దుంపలా లావెక్కుతుంది. ఆకు రాలిన రోజు నుంచి కుండీని వానచుక్క పడని చోటికి జరిపి, కొత్త చిగురు కనిపించేదాకా నీళ్లు మానాలి. విత్తు మొక్క పూయడానికి కొన్నేళ్లు పడుతుంది. ఊడుగ, రేల చెట్లకూ ఇదే ఓపిక కావాలి.

చెట్టు కొమ్మనంటి బతికే వాండా ఆర్కిడ్‌ది ఇంకో తీరు. కోరమాండల్ తీరపు మొక్కల మీద విలియం రాక్స్‌బర్గ్ 1795లో ప్రచురించిన గ్రంథభాగంలోనే దీని వర్ణన ఉంది. చింత, మామిడి కొమ్మల మీద వేసవిలో పూస్తుంది: రేకుల వెనకవైపు తెలుపు, ముందువైపు గోధుమరంగు గళ్లు, మధ్యన నీలివంగపండు రంగు పెదవి, పైగా సువాసన. దీన్ని చెట్టు రసం పీల్చే బదనికగా పొరబడి నరికేవారున్నారు. నిజానికి దీని వేళ్లు బెరడు లోపలికి పోవు, పట్టుకుని వేలాడతాయి, అంతే. మామిడి కొమ్మలు కత్తిరించినప్పుడు మంటపాలయ్యే ఈ మొక్కను గరుకు బెరడు చెక్కకు కొబ్బరితాడుతో కట్టి, చెట్టునీడలో వేలాడదీస్తే చాలు. నీళ్లెప్పుడు పోయాలో దాని వేరే చెబుతుంది: ఆరిన వేరు వెండిలా తెల్లగా ఉంటుంది, తడవగానే పచ్చబడుతుంది. మళ్లీ తెల్లబడ్డాకే తడపాలి. మట్టిలో నాటడమంటే దాని ఊపిరి ఆపడమే.

అడవికంద ఇంకా విచిత్రం. ఆకు ఎండిపోయాక గడ్డను పొడి మట్టిలోనే ఉంచి, వేసవిలో పడే మామిడి జల్లుల వేళకు తడపడం మొదలుపెడితే, ఆకు కన్నా ముందు పువ్వు నేల చీల్చుకుని వస్తుంది. ఈగలనూ పురుగులనూ పిలిచే దాని వాసన ఇంటి వాకిలికి తగదు; పెరటి మూల పెట్టుకోవాలి.

అడవి మొక్కను అడవిలోనే ఉండనివ్వాలని, తోటకు తెస్తే దోపిడీకి దారి తీస్తుందని ఒక అభ్యంతరం ఉంది. ఆ భయం న్యాయమైనదే. మారేడు గడ్డలను పచ్చళ్లకూ షర్బత్‌కూ మొదలంటా తవ్వుకుని అరుదు చేసిన అనుభవం మనకుంది. కాబట్టి నియమం కఠినంగా ఉండాలి: కొండ నుంచి రాలిన గింజ తప్ప మొక్కను తేకూడదు, గింజకైనా అనుమతి ఉన్న చోటే చెయ్యి చాచాలి. ఈ ప్రాంతపు కౌండిన్య అడవి 1990 నుంచి అభయారణ్యం. అక్కడ మొక్క పెకలించడం నేరం. అయితే గింజ నుంచి నర్సరీలో పెరిగిన మొక్క దొరికితే, అడవికి వెళ్లవలసిన అవసరమే తగ్గుతుంది. టమాటా నారు కోసం ఈ ప్రాంతమంతా షేడ్‌నెట్లు, ట్రేలు, కొబ్బరిపొట్టు, నేర్పున్న చేతులూ ఉన్నాయి. వాటిలో ఒక మూల ఈ మొక్కలకు దక్కితే చాలు. ఇక ఏడాది పొడుగునా పూసే కాగితంపూలుండగా నాలుగు వారాల పూతకు ఇంత శ్రమెందుకని అడిగేవారికి జవాబు నీళ్లలో ఉంది. వెయ్యి అడుగులు దిగినా బోరు ఎండిపోయే నేలలో, వేసవిలో నీళ్లు అంతగా అడగని పూలమొక్క విలాసం కాదు, వివేకం. పైగా కొండగోగు తర్వాత ఊడుగ, ఆపైన రేల, వాండా, చివర కంద అని వరస పేర్చుకుంటే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది.

ఇక్కడి నేలలో ఇలాంటి ప్రయత్నం ఫలిస్తుందన్నది కేవలం ఆశ కాదనడానికి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలే నిదర్శనం. అక్కడివారు బోడిగా ఉన్న గుట్టలను కాపాడి, చెట్లు పెంచి, ఆ లోయను పక్షులకు నెలవుగా మార్చారు. అంత నేల అందరికీ ఉండదు. కానీ కొండ మొక్క గుణం తెలుసుకుని, దానికి కావలసిన ఎండుదలను దానికివ్వడం ఒక కుండీతోనూ సాధ్యమే. ఇన్నాళ్లూ మన ఎండను తోటకు శత్రువనుకున్నాం. ఈ మొక్కల విషయంలో పూత పెట్టించేది ఆ ఎండే. అది తెలిసిన తోటమాలి ఊటీ వైపు చూడాల్సిన పనిలేదు.