కారులో ధ్వని సమతౌల్యము – ఎవరి చెవికి?

కారులో కూర్చున్నవారి చుట్టూ స్పీకర్లను అమర్చి, సినిమాహాలులో వలె అన్ని వైపులనుండి ధ్వని వినిపించే ఏర్పాటును సరౌండ్ సౌండ్ అంటారు. ముందు ఎడమ, మధ్య, కుడి. వెనుక ఎడమ, కుడి – ఇట్లు ఐదు స్పీకర్లు, బొంగురు ధ్వనులకు వేరుగా ఒక సబ్‌వూఫరు ఉండుట ఇందులో ఒక ముఖ్యమైన పద్ధతి. వీటి స్థాయిలను సరిచూచుటకు డ్రైవరు తల ఉండేచోట ధ్వనిమాపకమును ఉంచి, ఒక్కొక్క స్పీకరు నుండి హోరు వంటి పరీక్షాధ్వనిని పంపి, అన్నిటికీ ఒకే డెసిబెల్ అంకె వచ్చేవరకు సవరిస్తారు. అంకెలు సమానమైతే పని పూర్తి అయినదని భావిస్తారు. ఈ భావన ఎంతవరకు సరియైనదో పరిశీలింతము.

ముందుగా దీనిలోని మంచిని ఒప్పుకొనవలెను. చెవి త్వరగా అలవాటు పడిపోతుంది. వినే పాటనుబట్టి మన తీర్పు మారుతుంది. మాపకమునకు ఈ బలహీనత లేదు. ఆరుబయట, చిన్న ధ్వనిజనకము నుండి దూరము రెండింతలైతే ధ్వనిస్థాయి సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. కనుక దగ్గరి స్పీకరును కొంత తగ్గించుట సహేతుకమే.

అయితే ధ్వనికి స్థాయి ఒక్కటే లక్షణము కాదు; అది చేరే కాలము కూడ ఉన్నది. మన దేశపు కార్లలో డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు. కుడి స్పీకరు అతనికి 0.8 మీటరు, ఎడమ స్పీకరు 1.4 మీటర్ల దూరములో ఉన్నవనుకొందాము. ధ్వని వేగము సెకండుకు 343 మీటర్లు కాబట్టి ఎడమ ధ్వని సుమారు 1.75 మిల్లీసెకండ్లు ఆలస్యముగా చేరుతుంది. ఒకే ధ్వని రెండు చోట్లనుండి వచ్చినపుడు, ముందు చేరినదాని దిక్కునే మన మెదడు లెక్కలోనికి తీసుకొంటుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో ఈ విషయమును వివరముగా పరిశోధించినాడు. అందుచేత అంకెలు సమానమైనా గాయకుని గొంతు కుడి తలుపువైపుకే లాగినట్లు ఉంటుంది.

దీనికి విరుగుడుగా కుడి స్పీకరు ధ్వనిని 1.75 మిల్లీసెకండ్లు ఆపి పంపుతారు. డ్రైవరుకు ఇక లోపము లేదు. కాని అతని ప్రక్కన కూర్చున్న తల్లి మాటేమిటి? ఆమెకు కుడి స్పీకరే దూరము. దూరమువలన 1.75, మనము కల్పించిన ఆలస్యమువలన మరి 1.75, వెరసి 3.5 మిల్లీసెకండ్ల తేడా వచ్చినది. స్థాయిలోను అంతే. ఆరుబయటి లెక్క ప్రకారము దూరమువలన 5 డెసిబెల్‌లు, మన సవరణవలన మరొక 5, మొత్తము 10 డెసిబెల్‌ల తేడా. కారులోని అద్దాల ప్రతిధ్వనులవలన ఇది కొంత తగ్గవచ్చును గాని, దోషము ఆమెకు పెరిగినదన్న మాట నిజము. ఒకరికి దిద్దిన తప్పు మరొకరికి రెండింతలైనది. అంకెల పట్టికలో ఇది ఎక్కడా కనబడదు.

మాపకములోను ఒక చిక్కు ఉన్నది. దానిలో 'ఏ', 'సి' అనే అమరికలు ఉంటాయి. 'ఏ' అమరిక 50 హెర్ట్జ్ ధ్వనిని సుమారు 30 డెసిబెల్‌లు తగ్గించి చూపుతుంది. 'సి' అమరిక ఇంచుమించు ఉన్నదున్నట్లు చూపుతుంది. 'ఏ'ను నమ్మి సబ్‌వూఫరును సరిచేసినవాడు దానిని విపరీతముగా పెంచి, మాటలు వినబడకుండ చేసుకొంటాడు.

మరి మార్గమేమి? మధ్య స్పీకరు. అది ముందు కూర్చున్న ఇద్దరికీ సమదూరములో ఉంటుంది. సినిమాలలో సంభాషణలను ముఖ్యముగా దానికే ఇస్తారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలోని వాద్యబృందపు సంగీతమును తీగలపై వాషింగ్టన్ సభకు పంపినపుడు, బెల్ ప్రయోగశాలవారు రెండు కాక మూడు మార్గములను వాడినారు. సభలో ఏ మూల కూర్చున్నవారికైనా వేదిక మధ్యనున్న ధ్వని మధ్యనుండియే రావలెనన్న కోరికకు మధ్యమార్గము తోడ్పడుతుంది. కారులోను మొదట మధ్య స్పీకరును, మాటలు స్పష్టముగా వినబడునట్లు సరిచేసి, తక్కినవాటిని దానికి అనుగుణముగా అమర్చవలెను. తరువాత మాపకమును ప్రతి కుర్చీలోను ఉంచి చూడవలెను. డ్రైవరు తన సుఖములో కొంత వదులుకొంటే వెనుకవారికి కూడ మాట అందుతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒకే రకపు రెండు స్పీకర్లను బల్లపై ఒక గజము ఎడముగా ఉంచి, రెండింటిలోను ఒకే మాటను వినిపించండి. నడుమ కూర్చున్న విద్యార్థికి మాట నడుమనుండి వచ్చినట్లుంటుంది. అతనిని కుడివైపు జరపండి. మాట కుడి స్పీకరుకు మారుతుంది. కుడి స్పీకరు ధ్వనిని తగ్గిస్తూ పోయి, మాట తిరిగి నడుమకు వచ్చినదని అతడు చెప్పినచోట ఆపండి. అప్పుడు ఎడమవైపున కూర్చున్న విద్యార్థిని అడగండి, మాట ఎక్కడినుండి వచ్చుచున్నదని.